ప్రశ్నతో వెళ్లండి: పెద్ద యూనివర్సిటీలో చరిత్ర సీటుకు దారి

తాండూరులో 1950లో పుట్టి, ఇవాళ్టికీ అదే గల్లీలో ఉంటున్న పెద్దమనిషి ఒకాయన ఉన్నాడనుకుందాం. ఇల్లు మారలేదు, జిల్లా మాత్రం మూడుసార్లు మారింది. ఆయన పుట్టేనాటికి తాండూరు గుల్బర్గా జిల్లాలో ఒక తాలూకా. 1956 నవంబరు 1న ఆ తాలూకాను హైదరాబాద్ జిల్లాలో కలిపారు. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 2016 అక్టోబరులో వికారాబాద్ జిల్లాకు చేరింది. హైదరాబాద్, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ అని మూడు రాష్ట్రాలు ఆయన గడప ముందుకే వచ్చిపోయాయి.

ఈ సంగతి చెప్తే కొందరు "అట్లనా!" అని ఊరుకుంటారు. కొందరు మాత్రం "మరి 1950 నాటి భూమి కాగితాలు ఇప్పుడు ఏ ఆఫీసులో ఉన్నట్టు? గుల్బర్గాలోనా, ఇక్కడా?" అని అడుగుతారు. మీరు రెండో రకం అయితే ఈ అధ్యాయం మీ కోసమే.

వందల మంది, వేల మంది పోటీపడే యూనివర్సిటీలో చరిత్ర సీటు కావాలంటే రెండు తయారీలు కావాలి. ఒకటి మార్కుల తయారీ. అది లేకపోతే మీ దరఖాస్తును ఎవరూ తెరిచి కూడా చూడరు. రెండోది ప్రశ్నల తయారీ. అది లేకపోతే సీటు వచ్చినా మొదటి సెమిస్టర్‌లోనే డీలా పడతారు. మన దగ్గర చాలామంది మొదటిదానితోనే సరిపెట్టుకుంటారు. కోచింగ్ లేని ఊళ్లో ఉన్నామని బాధపడతారు. నిజానికి రెండో తయారీకి కావలసిన సరుకు వికారాబాద్, తాండూరుల్లో ఉన్నంత దగ్గరగా చాలా నగరాల పిల్లలకు దొరకదు. ఆ సరుకును ఎలా వాడుకోవాలో, మార్కుల గేటు ఎలా దాటాలో వరుసగా చూద్దాం.

ముందు ఇంట్లో మాట్లాడాలి

"హెచ్‌ఈసీ తీసుకుంటే ఏమొస్తది బిడ్డా?" ఇంట్లో అమ్మానాన్నలు అడిగే మొదటి మాట ఇదే. దీనికి కోపం తెచ్చుకోవద్దు. కందులు అమ్ముకొచ్చిన డబ్బుతోనో, నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో రోజుకూలీతోనో చదివిస్తున్నవాళ్లకు ఆ ప్రశ్న అడిగే హక్కుంది. "చరిత్ర నా ప్యాషన్" అంటే వాళ్లకు జవాబు దొరకదు. కాగితం మీద రాసి చూపించండి.

బీఏ, ఎంఏ తర్వాత బీఈడీ చేస్తే బడిలో టీచరు. ఎంఏతో జూనియర్ లెక్చరర్ పరీక్ష. నెట్ లేదా సెట్ పాసైతే డిగ్రీ కాలేజీలో పోస్టుకు అర్హత. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూనే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. సివిల్స్‌లో చరిత్రను ఆప్షనల్‌గా తీసుకోవచ్చు. గ్రూప్స్ పరీక్షల్లో తెలంగాణ చరిత్ర, ఉద్యమ చరిత్ర ఎలాగూ ఉంటాయి. ఇవి కాక పురావస్తు శాఖ, ఆర్కైవ్స్, మ్యూజియంలు, పత్రికలు, ప్రచురణ సంస్థలు ఉన్నాయి.

దీంతోపాటు రెండో మాట కూడా దాచకుండా చెప్పండి: ఈ దారి నిదానం. బీటెక్ పిల్లలకు 22 ఏళ్లకు జీతం మొదలైతే, చరిత్రలో గట్టిగా నిలదొక్కుకోవడానికి 28, 30 ఏళ్లు రావచ్చు. అది ముందే ఒప్పుకుంటే తర్వాత ఇంట్లో గొడవ ఉండదు.

ఈ దారిలో వెళ్లినవాళ్లు మన ప్రాంతంలో లేకపోలేదు. బహమనీల చరిత్రను 1953లో పుస్తకంగా తెచ్చిన హరూన్ ఖాన్ షేర్వానీ ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుని వచ్చి ఉస్మానియాలో చరిత్ర చెప్పారు. నిజాం, బ్రిటిష్ సంబంధాలపై 1963లో పుస్తకం ప్రచురించిన సరోజినీ రేగాని ఉస్మానియా చరిత్ర ఆచార్యురాలు. ఇప్పటి మనిషి కావాలంటే భంగ్యా భూక్యాను చూడండి. లంబాడా సమాజంలోంచి వచ్చి, ఇంగ్లండ్‌లోని వార్విక్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, నిజాం పాలనలో లంబాడాల బతుకు ఎలా మారిందో 2010లో పుస్తకంగా తెచ్చారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో చరిత్ర ఆచార్యులుగా పనిచేశారు. వికారాబాద్ జిల్లాలో తండా లేని మండలం వెతికినా దొరకడం కష్టమే. ఆ తండాల చరిత్ర కూడా పెద్ద యూనివర్సిటీల్లో పరిశోధనాంశమే అని మీ చెల్లెళ్లకు, తమ్ముళ్లకు చెప్పండి.

ఏ గేటు ఎవరికి

ఇంటర్ తర్వాత వెళ్లగలిగే పెద్ద గేట్లు రెండు. ఢిల్లీ యూనివర్సిటీ కాలేజీల్లో బీఏ ఆనర్స్ చరిత్ర ఒకటి, హెచ్‌సీయూలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఇంకోటి. రెండింటికీ కేంద్ర వర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ యూజీ రాయాలి.

డిగ్రీ తర్వాత గేట్లు ఎక్కువ. హెచ్‌సీయూలో ఎంఏ చరిత్రకు, జేఎన్‌యూలో ఎంఏ చరిత్రకు సీయూఈటీ పీజీ రాయాలి. జేఎన్‌యూలో చరిత్ర డిగ్రీ స్థాయిలో లేదు, ఎంఏ నుంచే మొదలవుతుంది. ఈ సంగతి తెలియక ఇంటర్ కాగానే జేఎన్‌యూ అని కలలుగనేవాళ్లు ఉన్నారు. అక్కడి చరిత్ర కేంద్రాన్ని 1970ల మొదట్లో నిలబెట్టినవారిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ కుమారుడు సర్వేపల్లి గోపాల్ ఒకరు. రొమిలా థాపర్, బిపన్ చంద్ర, సతీశ్ చంద్ర ఆయన సహచరులు. ఉస్మానియా, కాకతీయ వంటి రాష్ట్ర వర్సిటీల ఎంఏకు సీపీగెట్ అనే వేరే పరీక్ష ఉంటుంది.

వికారాబాద్ పిల్లలకు హెచ్‌సీయూ దగ్గర. రైలెక్కి లింగంపల్లిలో దిగితే గచ్చిబౌలి క్యాంపస్ పక్కనే. 1974లో ఏర్పడిన ఆ వర్సిటీకి దేశం నలుమూలల నుంచి వస్తారు, మనమేమో దాన్ని కిటికీలోంచి చూస్తూ సికింద్రాబాద్ దాకా వెళ్లిపోతుంటాం. ఒక్కసారి దిగి క్యాంపస్ చూసి రండి. సీటు అనేది ఎక్కడో ఉండే ఊహ కాదని అప్పుడు నమ్మకం కుదురుతుంది.

మొదటి తయారీ: మార్కులు

2025 పద్ధతి ప్రకారం సీయూఈటీ యూజీలో గరిష్ఠంగా ఐదు సబ్జెక్టులు రాయవచ్చు. ఒక్కో పేపరులో 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 కోత. పీజీ పరీక్షలో 75 ప్రశ్నలు, 90 నిమిషాలు, సరైనదానికి 4, తప్పుకు 1 కోత.

యూజీ చరిత్ర పేపరు ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకాల మీద నడుస్తుంది. మన ఇంటర్ సిలబస్‌కు, దానికి తేడా ఉంది. మన పుస్తకంలో రాజవంశాలు వరుసగా వస్తాయి. వాళ్ల పుస్తకంలో ఒక్కో అధ్యాయం ఒక్కో రకం ఆధారం చుట్టూ తిరుగుతుంది. హరప్పాకు ఇటుకలు, పూసలు, ఎముకలు. విజయనగరానికి శిథిలాలు, 1800లో కాలిన్ మెకంజీ గీయించిన పటం. 1875లో పుణె దగ్గర సూపా ఊరి రైతులు షావుకార్ల లెక్కల పుస్తకాలు ఎందుకు తగలబెట్టారో అర్థం చేసుకోవడానికి ప్రభుత్వ నివేదికలు. కాబట్టి ఇంటర్‌లో 95 శాతం వచ్చినా ఈ పుస్తకాలు విడిగా చదవాల్సిందే. ఇంటర్ మొదటి సంవత్సరం సెలవుల్లో మొదలుపెడితే తొందర ఉండదు.

భాష గురించి భయపడకండి, అట్లా అని ఏమరుపాటూ వద్దు. పరీక్ష తెలుగు మాధ్యమంలో రాయవచ్చు, భాష పేపరుగా తెలుగును ఎంచుకోవచ్చు. అయితే ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తెలుగులో దొరకవు. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రమాణం. అందుకని చదవడం ఇంగ్లీషులో, అర్థం చేసుకుని రాసిపెట్టుకోవడం తెలుగులో చేయండి. రోజుకు రెండు పేజీలు చాలు. ఇంటర్ రెండేళ్లు ఆ అలవాటు నిలిస్తే ఢిల్లీ క్లాసులో మొదటి వరుసలో కూర్చునే ధైర్యం వస్తుంది.

ఎంపీసీ, సీఈసీ పిల్లలు కూడా నిరాశ పడవద్దు. ఇంటర్‌లో చరిత్ర లేనివాళ్లకు కూడా బీఏ ఆనర్స్ చరిత్రకు ఢిల్లీలో దారి ఉంది. ఏ సబ్జెక్టుల స్కోరు లెక్కలోకి తీసుకుంటారో ఆ ఏటి బులెటిన్‌లో చూసుకుని పేపర్లు ఎంచుకోండి.

ఇక సీట్లు ఎక్కువగా పోయేది పరీక్ష హాల్లో కాదు, కాగితాల దగ్గర. నాలుగు జాగ్రత్తలు రాసుకోండి.

1. సీయూఈటీ రాస్తే స్కోరు మాత్రమే వస్తుంది. ఢిల్లీ, హెచ్‌సీయూ, జేఎన్‌యూ పోర్టళ్లలో విడివిడిగా దరఖాస్తు పెట్టాలి. స్కోరు వచ్చింది కదా అని ఎదురుచూస్తూ కూర్చుంటే ఎవరూ పిలవరు.

2. మీసేవలో తీసుకున్న బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ సర్టిఫికెట్ కేంద్ర వర్సిటీకి చెల్లదు. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కేంద్ర ప్రభుత్వ నమూనాలో కావాలి. రాష్ట్రం బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర జాబితాలో లేవు, ముందే సరిచూసుకోండి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ కూడా అంతే, ఆ ఆర్థిక సంవత్సరానిదే అడుగుతారు. ఏప్రిల్ మొదటి వారంలోనే తహసీల్దార్ ఆఫీసుకు వెళ్లండి.

3. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే దరఖాస్తు దగ్గరే ఇబ్బంది. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే రెండూ ఒకేలా చేయించుకోండి.

4. తేదీలు. యూజీ నోటిఫికేషన్ జనవరి నుంచి ఎప్పుడైనా రావచ్చు. పీజీ దరఖాస్తులు డిసెంబరు, జనవరిలోనే నడుస్తాయి, పరీక్ష మార్చిలో ఉంటుంది. డిగ్రీ ఫలితాలు వచ్చాక చూద్దామనుకుంటే అప్పటికి తలుపులు మూసేస్తారు.

రెండో తయారీ: ప్రశ్న

చరిత్రలో మంచి ప్రశ్నకు మూడు గుర్తులు. అది ఒక చోటుకు, ఒక కాలానికి కట్టుబడి ఉంటుంది. దానికి జవాబు వెతకడానికి ఏదో ఒక ఆధారం ఉంటుంది. జవాబు ముందే తెలిసిపోదు.

ఉదాహరణకు రైలు. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రాజ్యపు రైలుమార్గం 1874లో వచ్చింది. తాండూరు, వికారాబాద్ స్టేషన్లు ఆ దారి మీదివే. "రైలు వల్ల తాండూరు ఎలా అభివృద్ధి చెందింది?" అనేది ప్రశ్నలా కనిపిస్తుంది గానీ ప్రశ్న కాదు. అభివృద్ధి చెందిందని ముందే తేల్చేసింది. దాన్ని చిన్నది చేయండి. "తాండూరు నాపరాయి దూరపు ఊళ్లకు వెళ్లడం రైలు వచ్చాకే మొదలైందా, బండ్ల మీద అంతకుముందే వెళ్లేదా?" ఇప్పుడు వెతకడానికి చోటు దొరికింది. 1874కు ముందు కట్టిన గుళ్లలో, దర్గాల్లో, గడీల్లో ఈ రాయి ఎంత దూరం దాకా కనిపిస్తుంది? గనుల కుటుంబాలు ఎన్ని తరాల సంగతి చెప్పగలవు? రైల్వే సరుకు లెక్కలు ఎక్కడైనా మిగిలాయా?

అలాగే ఊరి పేరు. వికారాబాద్‌కు ఆ పేరు 'పైగా' అనే జాగీర్దారు కుటుంబానికి చెందిన వికార్ ఉల్ ఉమ్రా నుంచి వచ్చింది. ఫలక్‌నుమా ప్యాలెస్ కట్టించినవాడు, 1893 నుంచి 1901 దాకా నిజాం ప్రధానమంత్రి ఆయనే. ఫలక్‌నుమా గురించి పుస్తకాలున్నాయి. ఆ వైభవానికి డబ్బు పంపిన జాగీరు ఊళ్లలో శిస్తు ఎంత, ఎవరు వసూలు చేశారు, 1949లో జాగీర్లు రద్దయినప్పుడు రైతుకు ఏం దక్కింది అనే ప్రశ్నలు మాత్రం ఇంకా చాలా ఊళ్లలో ఎవరూ అడగలేదు.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే తాండూరు పక్కనే కాగ్నా ఉంది. ఆ నది వెంట సరిహద్దు దాటి సేడం తాలూకాలోకి పోతే మల్ఖేడ్ వస్తుంది. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటం అదే. అంత పెద్ద రాజధానికి తాండూరు ప్రాంతం ఎంత దూరపు పల్లె? ధాన్యం ఇటునుంచి వెళ్లిందా? బస్సు టికెట్ ఖర్చుతో చూసి రాగలిగిన చోటు ఇది.

ఆధారాన్ని ఎలా చదవాలో ఒక్క కాగితంతో సాధన చేద్దాం. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో 1954-55 ఖాస్రా పహాణీ నకలు ఉందేమో అడగండి. భూమి తగాదాలు వచ్చిన ప్రతి ఇంట్లో ఇది ఒకటి భద్రంగా ఉంటుంది. ఉర్దూలో ఉంటే చదవగలిగిన పెద్దవాళ్ల పక్కన కూర్చోండి. మొదట ఉన్నది చూడండి: సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, సాగులో ఉన్నవాడి పేరు. పట్టాదారు, సాగుదారు వేరువేరు అయితే అక్కడ ఆగండి. కౌలా, పాలా, అప్పు కింద పోయిన భూమా?

తర్వాత రాసినవాడిని చూడండి. ఈ కాగితం పట్వారీ రాసింది. పట్వారీకి ఊళ్లో ఎవరితో చుట్టరికం, ఎవరితో వైరం? జాగీర్లు పోయి, కౌలుదారు హక్కుల చట్టాలు వస్తున్న రోజుల్లో ఒకరి పేరు ఎక్కించడం వల్ల ఎవరికి లాభం? ఆఖరుకు లేనిది చూడండి. ఆ పొలంలో నాటు వేసిన ఆడవాళ్లు ఈ కాగితంలో లేరు. జీతగాడు లేడు. పొలం గట్టున గొర్రెలు మేపుకున్నవాడు లేడు. వాళ్ల సంగతి తెలియాలంటే ఇంకో రకం ఆధారం వెతకాలి. పెద్ద వర్సిటీల్లో మొదటి ఏడాది నేర్పేది సరిగ్గా ఈ పనే. ఎదురుగా ఉన్న కాగితాన్ని నమ్ముతూనే అనుమానించడం. ఆక్స్‌ఫర్డ్‌లో చరిత్ర సీటుకు చాలా ఏళ్లపాటు పెట్టిన రాతపరీక్షలో కూడా ఎవరూ ముందు చూసి ఉండని పాత పత్రం ఒకటి ఇచ్చి, దాన్నుంచి ఏం తేలుతుందో రాయమనేవారు. చదివిన పాఠం అక్కడ పనికిరాదు, చదివే పద్ధతి పనికొస్తుంది.

పుస్తకాల్లో ఒకటి రెండు చాలు, కానీ నమిలి చదవండి. రిచర్డ్ ఈటన్ 2005లో రాసిన దక్కన్ సామాజిక చరిత్ర ఎనిమిది మంది జీవితాల మీదుగా నడుస్తుంది. కాకతీయ ప్రతాపరుద్రుడు, గుల్బర్గా బందే నవాజ్, సర్వాయి పాపన్న అందులో ఉన్నారు. ముగ్గురూ మనకు తెలిసిన పేర్లే. మీరు విన్న కథకు, ఆయన చూపిన ఆధారానికి ఎక్కడ తేడా వచ్చిందో ఒక పేజీ రాసుకోండి. తెలుగులో సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' చదవండి. రాజుల్ని పక్కనపెట్టి తిండి, బట్ట, ఆటల చరిత్రను 1949లోనే పుస్తకం చేసిన మనిషి ఆయన. హైదరాబాద్ వెళ్లినప్పుడు అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఒక పూట గడపండి.

కాగితం మీద పెట్టడం

ప్రైవేటు వర్సిటీలు, విదేశీ వర్సిటీలు, స్కాలర్‌షిప్పులు "ఎందుకు ఈ సబ్జెక్టు?" అని రాయమంటాయి. మామూలుగా ఇలా రాస్తారు:

"చిన్నప్పటి నుంచి నాకు చరిత్ర అంటే ఎంతో ఇష్టం. గతం తెలిస్తేనే భవిష్యత్తును నిర్మించగలం. ప్రతిష్ఠాత్మకమైన మీ విశ్వవిద్యాలయంలో చదవాలన్నది నా కల."

ఇందులో తప్పు లేదు, మనిషి కూడా లేడు. పేరు మార్చి ఎవరు పంపినా సరిపోతుంది. ఇదే పిల్లవాడు ఇలా రాయవచ్చు:

"మా తాత పుట్టినప్పుడు తాండూరు, సేడం రెండూ గుల్బర్గా జిల్లావే. 1956లో తాండూరు ఆంధ్రప్రదేశ్‌కు, సేడం మైసూరు రాష్ట్రానికి వెళ్లాయి. పెళ్లిళ్లు, కందుల బేరాలు మాత్రం ఆగలేదని ఇంట్లో చెప్తారు. ఐదుగురు పెద్దవాళ్లను అడిగాను. ఇద్దరు బడిలో భాష మారిందన్నారు, ముగ్గురికి ఏ మార్పూ గుర్తులేదు. భూమి ఉన్నవాళ్లకే సరిహద్దు గుర్తుందా అన్నది నా అనుమానం. ఐదుగురితో తేలే సంగతి కాదు ఇది. దీన్ని సరిగ్గా వెతికే పద్ధతి నేర్చుకోవాలని ఉంది."

రెండోదాంట్లో పొగడ్త లేదు, సామెత లేదు. ఏం చేశాడో ఉంది, ఏం తేలలేదో ఉంది. 'తేలలేదు' అని రాయడానికి జంకవద్దు. ఎంపిక చేసేవాళ్లు వెతికేది ఆ మాట కోసమే. అలాగని ఇక్కడ ఇచ్చిన నమూనాను దించేయకండి. మీ పహాణీ, మీ తండా, మీ స్టేషన్ మీరే వెతుక్కోవాలి. చరిత్రకారుడు ఇ.హెచ్.కార్ పేరు ప్రతి దరఖాస్తులో ఉంటుంది. చదివితే, ఏ మాటతో మీకు గొడవ వచ్చిందో రాయండి. చదవకపోతే పేరు ఎత్తకండి.

ఇంటర్వ్యూలో

పీహెచ్‌డీ సీటుకైనా, కొన్ని ప్రైవేటు వర్సిటీలకైనా, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకైనా ఇంటర్వ్యూ ఉంటుంది. పై పేరా రాసిన పిల్లవాడిని ఇలా అడిగారనుకోండి.

"అంటే 1956కు ముందు మీ తాండూరు కర్ణాటకలో ఉండేదన్నమాట?"

"లేదు సార్. గుల్బర్గా జిల్లా అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలోనిది. మైసూరులో కలిసింది 1956లో. కర్ణాటక అనే పేరు 1973లో వచ్చింది."

"మరి కన్నడం మాట్లాడే ఊళ్లు మీకెందుకు వచ్చాయి?"

"తాలూకాను మొత్తంగా తీసుకున్నారు కాబట్టి కొన్ని ఊళ్లు అటూ ఇటూ అయి ఉంటాయి. 1951 జనాభా లెక్కల్లో గుల్బర్గా జిల్లా కింద చూస్తే భాషల వివరం దొరకొచ్చు. నేనింకా చూడలేదు సార్."

మొదటి ప్రశ్నలో ఉచ్చు ఉంది. పెద్దవాళ్లు అడిగారు కదా అని తలూపితే పోయేది. మర్యాదగా, తడుముకోకుండా సరిదిద్దాడు. రెండో ప్రశ్నకు జవాబు తెలియదు, ఎక్కడ దొరుకుతుందో తెలుసు. ఇది చాలు. స్నేహితులతో వారానికి ఒకసారి ఇలా కూర్చోండి. ఒకరు చెప్పిన ప్రతి మాటకూ ఇంకొకరు "ఎట్ల తెలుసు?" అని అడగాలి. మూడోసారి అడిగేసరికి మనకు నిజంగా తెలిసిందెంతో బయటపడుతుంది.

సముద్రం దాటాలంటే

బ్రిటన్‌లో డిగ్రీకి దరఖాస్తులు దాదాపు అన్నీ యూకాస్ ద్వారా వెళ్తాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు గడువు అక్టోబరు 15, అంటే చేరే ఏడాదికి ముందరి అక్టోబరు. 2026 ప్రవేశాల నుంచి ఒకే వ్యాసం బదులు మూడు ప్రశ్నలకు, మొత్తం 4,000 అక్షరాలలోపు జవాబు రాయాలి. తెలంగాణ ఇంటర్ మార్కులను ఎలా పరిగణిస్తారో ఒక్కో వర్సిటీని ముందే అడిగి తెలుసుకోండి. అమెరికాలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి కొన్ని వర్సిటీలు విదేశీ విద్యార్థుల డబ్బు స్థితి చూడకుండా ఎంపిక చేసి, అవసరమైన మేరకు సాయం చేస్తాయి. పోటీ మాత్రం విపరీతం.

మన జిల్లా పిల్లలకు నా సలహా ఒక్కటే. డిగ్రీ ఇక్కడ చేసి, ఎంఏ లేదా పీహెచ్‌డీకి బయటికి వెళ్లండి. అప్పటికి చేతిలో ఒక మంచి పరిశోధన వ్యాసం, మిమ్మల్ని బాగా ఎరిగిన ఇద్దరు ముగ్గురు అధ్యాపకుల ఉత్తరాలు ఉంటాయి. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్, బీసీలకు జ్యోతిబా ఫూలే పేర్లతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పథకంగా రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా నిధి పీజీ చదువులకు 20 లక్షల దాకా ఇస్తుంది. ఏ సబ్జెక్టులకో ఆ ఏటి ప్రకటనలో చూసుకోండి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ విషయంలో జాగ్రత్త. 2022లో మార్చిన నిబంధనల్లో భారతదేశ సంస్కృతి, వారసత్వం, చరిత్ర అంశాలను దాన్నుంచి తీసేశారు. దాన్ని నమ్ముకుని దరఖాస్తు పెట్టేముందు తాజా నిబంధన చదవండి.

సీటు రాకపోతే

ఢిల్లీ రాలేదంటే చరిత్ర రాలేదని కాదు. రాష్ట్ర డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్ ద్వారా వికారాబాద్‌లోనో, తాండూరులోనో, హైదరాబాద్ నిజాం కాలేజీలోనో బీఏ చేరండి. కోఠీ మహిళా కళాశాల ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో యూనివర్సిటీ అయింది. అక్కడ చదివే అమ్మాయిలు బ్రిటిష్ రెసిడెన్సీ కట్టిన ఆవరణలోనే చరిత్ర పాఠం వింటారు. మూడేళ్ల తర్వాత సీయూఈటీ పీజీ మళ్లీ మీ ముందుకు వస్తుంది. హెచ్‌సీయూ ఎంఏ తరగతిలో మీరు ఏ కాలేజీ నుంచి వచ్చారని అడిగేవాళ్లు తక్కువ, ఏం చదివారని అడిగేవాళ్లు ఎక్కువ.

ఈ నెలలోనే మొదలుపెట్టాల్సిన పనులు ఐదు.

1. ఆధార్, ఎస్సెస్సీ మెమో పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ సరిచూడండి.

2. మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూడండి.

3. ఎన్‌సీఈఆర్‌టీ వెబ్‌సైట్ నుంచి పన్నెండో తరగతి చరిత్ర పుస్తకాలు ఉచితంగా దింపుకుని, విజయనగరం అధ్యాయంతో మొదలుపెట్టండి.

4. డెబ్బై ఐదు దాటిన ఇద్దరు పెద్దవాళ్లతో చెరో గంట కూర్చోండి. ఫోన్‌లో రికార్డు చేసే ముందు అనుమతి అడగండి. తేదీలు అడగవద్దు, బడి, సంత, పెళ్లి, కరువు గురించి అడగండి.

5. విన్నదాంట్లో ఒకరు చెప్పింది ఇంకొకరు చెప్పినదానితో కలవని చోటు పట్టుకుని, దాన్ని ఒకే ఒక్క వాక్యంలో ప్రశ్నగా రాయండి.

ఐదో పని వాయిదా వేయకండి. మొదటి నాలుగూ ఎవరైనా చేయించగలరు, మీసేవ కేంద్రం వాళ్లు కూడా. ఐదోది మీ బదులు ఇంకెవరూ రాయలేరు, మీ దరఖాస్తును వేరేవాళ్ల దరఖాస్తు నుంచి వేరుచేసేది అదొక్కటే.